ఓడెక్కిన ముత్తాత ఏ ఊళ్ళో పుట్టాడు? పాత జనాభా లెక్కల్లో వెతికే పద్ధతి

మా ఇంట్లో ఎవరినడిగినా ఒకటే మాట: మనది కోరంగి. నాన్నా అదే చెప్పేవాడు, మేనత్తా అదే చెప్పేది. ముత్తాత ఓడల్లో కళాసీ. కాకినాడ పక్కనున్న కోరంగి రేవులో ఓడెక్కి రంగూన్ పోయాడు, అక్కణ్ణించి సీమ (ఇంగ్లండ్) దాకా వెళ్ళాడు, ఆఖరికి చెన్నపట్నంలో దిగి రాయపురంలో కాపురం పెట్టాడు. ఇదీ కథ. ఇందులో తప్పున్న ముక్క ఒక్కటే, కోరంగి. అది తేలడానికి నాకు రెండేళ్ళు పట్టింది. అందులో ఏడాదిన్నర శుద్ధ దండగ.

చెన్నైలో మనలాంటి ఇళ్ళు చాలా ఉన్నాయి. రాయపురం, తండయార్‌పేట, వ్యాసర్‌పాడి, ఎక్కడ చూసినా హార్బరు పనికో ఓడ పనికో ఉత్తరాన్నుంచి వచ్చి ఉండిపోయిన తెలుగువాళ్ళు తగులుతారు. మీ ఇంట్లోనూ ఓడ మీద పనిచేసిన తాతో ముత్తాతో ఉండి, ఆయన పుట్టిన ఊరు దగ్గర కథ తడబడుతుంటే, కింద చెప్పిన వరసలో వెళ్ళండి. వరస ముఖ్యం. నేను తలకిందులుగా చేశాను కాబట్టే ఆ దండగ.

ముందు ఒక ఆశ వదులుకోండి

చాలామంది చేసే మొదటి పని, ఎగ్మోర్ స్టేషన్ ఎదురుగా ఉన్న తమిళనాడు ఆర్కైవ్స్‌కి వెళ్ళి "1891 జనాభా లెక్కల్లో మా తాత పేరు చూడాలి" అని అడగడం. నేనూ అడిగాను. అక్కడా ఉండదు, ఇంకెక్కడా ఉండదు. మద్రాసు రాజధానిలో (అంటే ప్రెసిడెన్సీలో) మొదటి పెద్ద లెక్క 1871లో జరిగింది, దేశమంతటా ఒకే రాత్రి లెక్కపెట్టింది 1881 ఫిబ్రవరి 17న. ఇంటింటికీ తిరిగి రాసుకున్న ఆ కాగితాలు పట్టికలు కట్టడానికే. కట్టడం అయిపోయాక వాటిని దాచలేదు. ఏ జిల్లాలో ఎంతమంది, ఏ భాషవాళ్ళెంత, వేరే చోట పుట్టినవాళ్ళెంత, ఇలా అంకెలు మిగిలాయి గానీ మనుషుల పేర్లు మిగల్లేదు. ఆ అంకెలకీ ఒక ఉపయోగం ఉంది, తర్వాత చెప్తాను.

పేర్లతో సహా కాగితాలు మిగిలింది బ్రిటన్‌లో. అక్కడ 1801 నుంచి పదేళ్ళకోసారి లెక్క జరుగుతోంది, 1841 నుంచి మనిషి మనిషి పేరూ ఉంది. వందేళ్ళు దాటాక జనానికి తెరుస్తారు. 1921 లెక్క 2022 జనవరిలో తెరిచారు. మనకి ఆఖరి అవకాశం కూడా అదే, ఎందుకంటే ఇంగ్లండ్, వేల్స్ తాలూకు 1931 కాగితాలు 1942లో అగ్నిప్రమాదంలో కాలిపోయాయి, 1941లో యుద్ధం వల్ల అసలు లెక్కే జరగలేదు.

మీ ముత్తాతకి బ్రిటన్‌తో ఏం సంబంధం అంటారా? లెక్కల రాత్రి బ్రిటన్ రేవుల్లో ఆగి ఉన్న ఓడల్లో మనుషుల్ని కూడా రాశారు. ఓడకో కాగితం ఇచ్చి, పూర్తి చేసే పని కెప్టెన్‌కి అప్పగించేవాళ్ళు. ఆ రాత్రి లండన్ రేవులోనో లివర్‌పూల్ రేవులోనో ఉన్న ఓడలో మీ ముత్తాత పడుకుని ఉంటే, ఆయన పేరు ఏదో ఒక రూపంలో ఆ కాగితంలో ఉండే అవకాశం ఉంది. ఆయన రంగూన్-మద్రాసు దాటి ఎప్పుడూ పోలేదని మీకు గట్టిగా తెలిస్తే మాత్రం బ్రిటన్ లెక్కల మీద టైం వేస్ట్ చేసుకోకండి. ఇంట్లో వెతికే పని చూసుకుని, ఊరి పేర్ల దగ్గరికి వెళ్ళిపోండి.

ఇంట్లో వెతకడం

ఇది విసుగు పని, కానీ ఇదే ఎక్కువ పనిచేసింది.

పెట్టెలు, బీరువాలు, దేవుడి పటాల వెనకాల, అన్నీ చూడండి. ఓడ పనివాళ్ళకి పని వదిలినప్పుడల్లా కాగితం ఇచ్చేవాళ్ళు, తర్వాతి రోజుల్లో అది చిన్న పుస్తకంగా మారింది. అందులో ఓడ పేరు, తేదీలు ఉంటాయి. ఓడ పేరు ఒక్కటి దొరికినా చాలు, సగం పని అయినట్టే. మా ఇంట్లో పుస్తకం లేదు. ఫోటో వెనక పెన్సిల్‌తో రాసిన ఒక ఓడ పేరు మాత్రం ఉంది. నలభై ఏళ్ళుగా అది ఫోటో తీసిన స్టూడియో పేరనుకున్నాం.

తర్వాత పెద్దవాళ్ళ దగ్గర కూర్చోండి. "మనది ఏ ఊరు?" అని అడక్కండి. అడిగితే ఏళ్ళుగా చెప్తున్న కథే మళ్ళీ చెప్తారు. దాని బదులు పక్క సంగతులు అడగండి. ఇంటి దేవత ఎవరు? పెళ్ళిళ్ళకి ఎవరెవరు ఎటునుంచి వచ్చేవాళ్ళు? నానమ్మ పిల్లల్ని ఏమని పిలిచేది? ఇంటిపేరేంటి? చెన్నైలో ఈ చివరి ప్రశ్న మరీ ముఖ్యం. ఇక్కడి పద్ధతిలో పేరు ముందు తండ్రి పేరు తాలూకు ఇనీషియల్ పెట్టుకుంటూ పోతే రెండు తరాల్లో ఇంటిపేరు ఎగిరిపోతుంది. మాకూ అలాగే పోయింది. మేనత్త పెళ్ళి శుభలేఖలో మాత్రం పూర్తిగా అచ్చయి ఉంది.

మా నానమ్మ గురించి అడుగుతుంటే మేనత్త మాటల్లో ఒక ముక్క దొర్లింది. నాన్నని చిన్నప్పుడు నానమ్మ "ఒరే గుంటడా" అని పిలిచేదట. ఆ రోజు నేను దాన్ని పట్టించుకోలేదు. గోదావరి పక్కవాళ్ళ నోట ఆ పిలుపు అంత తేలిగ్గా రాదు, అది శ్రీకాకుళం, విజయనగరం వైపు మాట. పైగా ముత్తాత పేరు "అప్పల" అని మొదలవుతుంది. సింహాచలం అప్పన్న పేరు పెట్టుకునే అలవాటు ఏ వైపు ఎక్కువో తెలుగువాళ్ళకి చెప్పక్కర్లేదు. రెండు సాక్ష్యాలు ఇంట్లోనే పెట్టుకుని నేను కోరంగి మ్యాపులు చూస్తూ కూర్చున్నాను.

ఈ దశలో మీకు కావలసింది నాలుగే: పేరు ఎన్ని రకాలుగా పలికేవాళ్ళో, పుట్టిన ఏడు ఉజ్జాయింపుగా, ఓడలో చేసిన పని, దొరికితే ఓడ పేరు. ఒక నోటుబుక్కులో రాసుకోండి. ప్రతి సంగతి పక్కన "ఎవరు చెప్పారు, వాళ్ళకెలా తెలుసు" అని కూడా రాయండి. ఇది లేకపోతే ఆర్నెల్లకి విన్నదేదో చూసిందేదో మీకే గుర్తుండదు.

బ్రిటన్ లెక్కల్లోకి దిగడం

లెక్కల రాత్రులు గుర్తుపెట్టుకోండి: 1861 ఏప్రిల్ 7, 1871 ఏప్రిల్ 2, 1881 ఏప్రిల్ 3, 1891 ఏప్రిల్ 5, 1901 మార్చి 31, 1911 ఏప్రిల్ 2, 1921 జూన్ 19. ఓడల కాగితాలు బాగా దొరికేది 1861 నుంచే. 1841లో పుట్టిన ఊరు అడగనే లేదు. ఈ జిల్లాలోనే పుట్టావా, కాదా అని అడిగి, బయటి దేశం వాడైతే ఒక్క అక్షరం వేసి వదిలేశారు. వయసు కూడా పదిహేను దాటినవాళ్ళకి ఐదుకి కుదించి రాశారు.

ఫ్యామిలీసెర్చ్ సైటులో ఖాతా తెరవడం ఉచితం, 1881 లెక్క సూచిక మొత్తం అక్కడ డబ్బు కట్టకుండా చూడొచ్చు. 1911, 1921 అసలు కాగితాల బొమ్మలు కావాలంటే ఫైండ్‌మైపాస్ట్, యాన్సెస్ట్రీ లాంటి సైట్లకి డబ్బు కట్టాలి. ముందే ఏడాది చందా కట్టేయకండి. ఉచితంగా చూడగలిగిందంతా చూసి, చూడాల్సిన వాటి జాబితా తయారు చేసుకుని, ఒక్క నెలకి కట్టి, ఆ నెలలో పని ముగించండి.

వెతికేటప్పుడు మన పేరు మనం రాసినట్టు టైపు చేస్తే ఏమీ రాదు. ఇంగ్లీషు కెప్టెన్ చెవికి వినబడినట్టు ఆ పేరు రాసుంటుంది, దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించినవాళ్ళు ఇంకోలా చదివి ఉంటారు. అందుకని పేరు పెట్టె ఖాళీగా వదిలేయండి. పుట్టిన చోటు దగ్గర ఒకసారి "ఇండియా", ఒకసారి "మద్రాస్", ఇంకోసారి "ఈస్ట్ ఇండీస్" అని పెట్టి, పుట్టిన ఏడుకి అటూ ఇటూ ఐదేళ్ళు వదిలి చూడండి. సైటు ఒప్పుకుంటే పని పేరుతో కూడా వెతకండి. భారతీయ ఓడ పనివాళ్ళని ఆ కాగితాల్లో "లాస్కర్" అని రాసేవాళ్ళు. వాళ్ళ పెద్ద సరంగు, ఆయన కింద టిండాల్, చుక్కాని పట్టేవాడు సుకాని, వంటవాడు భండారి, బొగ్గు వేసేవాడు ఆగ్‌వాలా. ఈ మాటలన్నీ ఆ కాగితాల్లో ఇంగ్లీషు అక్షరాల్లో, రకరకాల స్పెల్లింగుల్లో కనిపిస్తాయి. పేరు మొదటి మూడక్షరాలు రాసి నక్షత్రం గుర్తు పెట్టడం కూడా పనిచేస్తుంది.

ఓడలోనే కాదు, ఒడ్డున కూడా చూడండి. లండన్‌లో వెస్ట్ ఇండియా డాక్ రోడ్డులో 1857లో ఆసియా నావికుల కోసం ఒక వసతి గృహం తెరిచారు. ఓడ దొరక్క ఆగిపోయినవాళ్ళు అక్కడ ఉండేవాళ్ళు. లెక్కల్లో ఆ గృహం తాలూకు పేజీలు విడిగా ఉంటాయి, పేరుతో దొరక్కపోతే ఆ పేజీలు వరసగా తిప్పడమే.

వయసు దగ్గర ఒక చిన్న లెక్క. 1911 ఏప్రిల్ 2న 28 అని ఉంటే పుట్టింది 1883 అని రాసేసుకుంటారు చాలామంది. అది 1882 ఏప్రిల్ 3 నుంచి 1883 ఏప్రిల్ 2 వరకు ఎప్పుడైనా కావచ్చు. అదీ ఆ 28 నిజమైతే. మన తాతల్లో పుట్టినరోజు తెలిసినవాళ్ళెంతమంది? 30, 35, 40 అని గుండ్రంగా ఉంటే అది అంచనా మాత్రమే.

మా ముత్తాత 1911లో దొరికాడు. ఫోటో వెనక ఉన్న ఓడ పేరే పట్టిచ్చింది. పేరు పక్కన 28, లాస్కర్, పుట్టిన చోటు మద్రాస్. అది చూసి ఇంట్లో అందరికీ ఫోన్లు చేశాను, "కోరంగి కాదు, మనది మెట్రాసే" అని. మర్నాడు అసలు కాగితం బొమ్మ పెద్దది చేసి చూశాను. "మద్రాస్" అన్న మాట పైన సరంగు పేరు ఎదురుగా ఒక్కసారే రాసుంది. దాని కింద పద్నాలుగు వరసల్లోనూ రెండు చిన్న గీతలు. అంటే పైదే. పద్నాలుగు మంది మద్రాసులో పుట్టి ఒకే ఓడెక్కారా? కాదు. రాసినవాడికి ఓపిక లేక పైనుంచి కిందికి గీతలు లాగేశాడు.

అందుకే ఎక్కించిన సూచికని నమ్మకండి, కాగితం బొమ్మ చూడండి. సూచికలో ఆ రెండు గీతల్ని కూడా "మద్రాస్" అని పూర్తి మాటగా మార్చేస్తారు, మీకు అనుమానమే రాదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. 1911 కాగితంలో బయటి సామ్రాజ్య దేశాల్లో పుట్టినవాళ్ళని దేశం, రాష్ట్రం రాయమన్నారు, ఊరు అడగలేదు. మద్రాస్ అంటే చెన్నపట్నం కాదు, మద్రాసు రాజధాని. అది ఆ రోజుల్లో ఉత్తరాన గంజాం నుంచి పడమట మలబారు దాకా ఉండేది. మన కోస్తాలో ఏ రేవులో పుట్టినవాడైనా ఆ కాగితంలో మద్రాసు వాడే.

ఓడ పనివాళ్ళ పట్టీలు

లెక్కల కాగితం మనిషిని ఒక రాత్రికి ఒక ఓడలో పట్టిస్తుంది. అక్కణ్ణించి ఓడ తాలూకు పట్టీకి వెళ్ళాలి. ప్రతి ప్రయాణానికీ పనివాళ్ళతో ఒప్పందం రాసుకునేవాళ్ళు. అందులో పేరు, వయసు, పుట్టిన ఊరు, అంతకుముందు పనిచేసిన ఓడ, ఎక్కిన తేదీ, దిగిన తేదీ ఉంటాయి. భారతీయ కళాసీలకి తరచు వేరే ఒప్పంద పత్రం ఉండేది, అది ఆ కట్టలోనే జతచేసి ఉందో లేదో చూడాలి.

ఈ పట్టీలు మూడు చోట్ల చెదిరి ఉన్నాయి. 1861 తర్వాతి వాటిలో పదో వంతు లండన్ కివ్‌లోని నేషనల్ ఆర్కైవ్స్‌లో నమూనాగా ఉంచారు. 1865, 1875, 1885 ఇలా ఐదుతో ముగిసే ఏళ్ళవి గ్రీనిచ్‌లోని నేషనల్ మారిటైం మ్యూజియంలో ఉన్నాయి. మిగిలినవాటిలో ఎక్కువ భాగం, మొత్తంలో 70 శాతం దాకా, కెనడాలో న్యూఫౌండ్‌లాండ్ మెమోరియల్ యూనివర్సిటీకి చేరాయి. వాళ్ళు ఓడ పేరుతో కాదు, ఓడ అధికారిక నంబరుతో వెతుకుతారు. ఒకే పేరుతో పది ఓడలుంటాయి, నంబరు మాత్రం ఒక్కటే. క్రూ లిస్ట్ ఇండెక్స్ ప్రాజెక్ట్ అనే ఉచిత సైటులో ఓడ పేరు కొడితే నంబరు వస్తుంది. నంబరు, ఏడు, మీకు కావలసిన మనిషి పేరు రాసి ఈమెయిలు పెట్టండి. నకలుకి డబ్బు తీసుకుంటారు, ముందే ఎంతో అడగండి.

అయితే అన్నిటికన్నా ముందు 1915 చూడండి. ఆ ఏటి పట్టీలన్నీ కివ్, గ్రీనిచ్ వాళ్ళు కలిసి, స్వచ్ఛందంగా వచ్చినవాళ్ళ చేత ఎక్కించి, ఉచితంగా పెట్టారు. పేరు, వయసు, పుట్టిన చోటు, ఓడ, ఏదైనా పెట్టి వెతకొచ్చు. యుద్ధం నడుస్తున్న ఏడు కాబట్టి ఓడ పనివాళ్ళు వేల సంఖ్యలో సముద్రం మీదే ఉన్నారు. తర్వాత 1918 నుంచి 1921 వరకు బ్రిటిష్ వాణిజ్య ఓడల నావికులకి తయారు చేసిన కార్డులున్నాయి. వాటిలో కొన్నిటి మీద మనిషి ఫోటో కూడా ఉంటుంది. మీ ముత్తాత మొదటి యుద్ధంలో పోయి ఉంటే కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ సైటులో ఉచితంగా వెతకండి. ముంబైలో ఆ యుద్ధంలో చనిపోయిన భారతీయ నావికుల స్మారకం ఉంది, రెండు వేల పైచిలుకు పేర్లు. కొన్ని పేర్ల పక్కన తండ్రి పేరు, ఊరు కూడా రాసుంటాయి.

మా ముత్తాత 1915లో మళ్ళీ దొరికాడు. వయసు 30. అంటే నాలుగేళ్ళలో రెండేళ్ళే పెరిగాడు! అది మామూలే, కంగారు పడకండి. రెండు కాగితాలూ కలిపి 1882 నుంచి 1885 మధ్య అని రాసుకోండి, ఒకటి పట్టుకుని రెండోది తప్పనకండి.

పుట్టిన చోటు గడిలో మొదటి అక్షరాల మీద సిరా ఒలికింది. సూచిక రాసినవాళ్ళు పాపం "గాలిన్‌గపాట్" లాంటిదేదో రాశారు. ఆ మాట పైనా కిందా మిగతా కళాసీల గడులు చూశాను. ఈసారి గీతల్లేవు, ఒక్కొక్కరికీ విడిగా రాశారు. ఇద్దరికి "గంజాం". సరంగుకి మాత్రం స్పష్టంగా, నిదానంగా రాసిన మాట: "కాలింగపటమ్".

ఇక్కడ ఒక కిటుకు. ఓడ కంపెనీలు కళాసీల్ని ఒక్కొక్కర్ని వెతుక్కోలేదు, సరంగుకి అప్పగించాయి. సరంగు తన ఊరివాళ్ళని, బంధువుల్ని, వాళ్ళకి తెలిసినవాళ్ళని తెచ్చుకునేవాడు. కాబట్టి మీ మనిషి గడి చదవలేకపోతే సరంగు గడి చదవండి, పక్క కళాసీల గడులు చదవండి. ఒక్కడి ఊరు తెలియకపోయినా ఆ ముఠా ఊరు తెలుస్తుంది.

ఊరి పేరు విప్పడం

ఇదే అసలు పని. కాగితం మీదున్న ఊరి పేరు పుట్టిన ఊరు కాదు. ఎవరో అడిగిన ప్రశ్నకి ఎవరో ఇచ్చిన జవాబుని, ఇంకెవరో తనకి వినబడినట్టు రాసింది. అడిగినవాడు ఇంగ్లీషువాడు. జవాబు చెప్పింది చాలాసార్లు సరంగు, హిందుస్తానీలో. రాసింది కెప్టెన్ గుమాస్తా. ఈ మూడు నోళ్ళు దాటి వచ్చిన మాటని తిరిగి తెలుగులోకి తీసుకురావాలి.

దాన్ని ఇంగ్లీషు స్పెల్లింగులా కళ్ళతో చూడకండి, పైకి చదవండి. కోకనాడ అంటే కాకినాడ. బిమ్లిపటమ్ భీమునిపట్నం. చికాకోల్ శ్రీకాకుళం. వైజాగపటమ్, మసూలిపటమ్ మీకే తెలుస్తాయి. యానాన్ అంటే యానాం, అది ఫ్రెంచివాళ్ళ చోటు కాబట్టి మనిషి ఫ్రెంచి ప్రజ అని కూడా రాసుండొచ్చు. మడపొల్లం నరసాపురం పక్కనున్న మాధవాయిపాలెం. ఇంజెరం మన ఇంజరమే. మాటకి ముందు సగం చెరిగిపోయి "పటమ్" మాత్రం మిగిలితే అది విశాఖ కావచ్చు, భీమిలి కావచ్చు, కళింగపట్నం కావచ్చు, మచిలీపట్నం కావచ్చు, తమిళనాట నాగపట్నం కూడా కావచ్చు.

మన మాటలూ మోసం చేస్తాయి. "బందరు" అంటే మచిలీపట్నం, "బందరు" అంటే ఏ రేవైనా కూడా. "మా తాతలు బందరు నుంచి వచ్చారు" అన్నప్పుడు ఏ బందరో అడిగినవాళ్ళెవరు? "పట్నం నుంచి" అంటే ఇంకా గొడవ. చెన్నపట్నంలో కూర్చున్న మనకి పట్నం అంటే ఇదే, విశాఖ పక్కనున్న పల్లెవాళ్ళకి అది విశాఖపట్నం.

మరి కోరంగి? ఆ రేవు ఒకప్పుడు పెద్దదే, ఓడలు కట్టే చోటు. 1789లో ఒకసారి, 1839లో ఇంకోసారి తుపాను వచ్చి ఊరిని ముంచేసింది. రేవు కూడా పూడిపోతూ వచ్చింది, వ్యాపారం కాకినాడకి మారిపోయింది. 1880ల్లో పుట్టినవాడు పెద్దయ్యాక రంగూన్ స్టీమరు ఎక్కడానికి కోరంగి ఎందుకు వెళ్తాడు? ఈ ప్రశ్న నాకు మొదట్లోనే రావాల్సింది. జవాబు బర్మాలో ఉంది. అక్కడ తెలుగువాళ్ళందర్నీ, కోస్తాలో ఎక్కణ్ణించి వచ్చినా సరే, "కోరంగీ" అనే పిలిచేవాళ్ళు. ముందు కోరంగి రేవు నుంచి వెళ్ళినవాళ్ళ వల్ల వచ్చిన పేరు జాతికంతా అంటుకుంది. మా ముత్తాత రంగూన్‌లో కోరంగీ. మద్రాసు వచ్చి పిల్లలకి ఆ మాట చెప్పాడు. పిల్లలు దాన్ని ఊరి పేరనుకున్నారు.

ఇక్కడే మన దేశపు పట్టికల ఉపయోగం. మద్రాసు రాజధాని, బర్మా జనాభా లెక్కల నివేదికలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా దొరుకుతాయి. పుట్టిన చోటు పట్టికలు, వలసల మీద రాసిన అధ్యాయం చదవండి. బర్మా వలసలో గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల పేర్లే మళ్ళీ మళ్ళీ వస్తాయి. మీ మనిషి పేరు చెప్పవు గానీ, మీ అనుమానం ఎంత నమ్మదగిందో చెప్తాయి.

ఊరు ఏ జిల్లాలో ఉందో చూసేటప్పుడు ఆ ఏటి జిల్లా చూడండి, ఇప్పటిది కాదు. నేను దెబ్బతిన్నది ఇక్కడే. "గంజాం" అని చూడగానే ఇప్పటి గంజాం జిల్లా, అంటే ఒడిశా, అనుకుని ఐదు నెలలు బరంపురం వైపు ఉత్తరాలు రాశాను. 1915లో గంజాం జిల్లా మద్రాసు రాజధానిలోది. చికాకోల్ తాలూకా, కళింగపట్నం రేవు దానిలోనే ఉండేవి. 1936లో ఒరిస్సా ఏర్పడినప్పుడు ఆ జిల్లాని చీల్చారు, మన వైపు ముక్క విశాఖపట్నం జిల్లాకి వచ్చింది, 1950లో శ్రీకాకుళం జిల్లా అయింది. గోదావరి జిల్లాకీ ఇలాంటి చరిత్రే: 1859లో పుట్టి, 1925లో తూర్పు గోదావరి అయింది, పశ్చిమ గోదావరిని అదే ఏడు కృష్ణా జిల్లా నుంచి విడదీశారు. 2022లో మళ్ళీ జిల్లాలు మారాయి, కోరంగి ఇప్పుడు కాకినాడ జిల్లా. ఒక కాగితం మీద ఈ మార్పులు వరసగా రాసి గోడకి అంటించుకోండి.

పాత ఊళ్ళ గురించి చదవడానికి 1907-1909 మధ్య వచ్చిన ఇంపీరియల్ గెజిటీర్, 1907లో వచ్చిన గోదావరి, విశాఖపట్నం జిల్లా గెజిటీర్లు బాగుంటాయి. అన్నీ ఆన్‌లైన్‌లో ఉన్నాయి. కాగితం పుస్తకం చేత్తో పట్టుకోవాలనుంటే ఎగ్మోర్‌లోనే పాంథియన్ రోడ్డులో కన్నెమరా లైబ్రరీ ఉంది. ఆర్కైవ్స్‌కి వెళ్ళాలంటే ముందే అనుమతి కోసం రాసుకోండి, ఊరికే వెళ్తే గేటు దగ్గరే ఆపుతారు. ఏం కావాలో ఏళ్ళతో సహా రాసుకు వెళ్తే పని త్వరగా అవుతుంది.

నేల మీద సరిచూసుకోవడం

పుట్టినట్టు సర్టిఫికెట్ కోసం తాపత్రయపడకండి. మద్రాసు రాజధానిలో జనన మరణాల నమోదు చట్టం 1899లో వచ్చింది, 1880ల్లో పల్లెలో పుట్టిన జాలరి పిల్లాడి పేరు రాసి పెట్టినవాళ్ళెవరూ ఉండరు. క్రైస్తవ కుటుంబమైతే చర్చి బాప్తిస్మం రిజిస్టరు అడగండి. మద్రాసు రాజధాని చర్చి రిజిస్టర్ల నకళ్ళు కొన్ని లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలో కూడా ఉన్నాయి. కాశీ, గయ వెళ్ళి పిండం పెట్టిన ఇల్లయితే పండాల బహీలు (యాత్రికుల వివరాలు రాసుకునే పుస్తకాలు) అడగండి, అక్కడ ఊరు పేరుతోనే వెతుకుతారు.

ఆ తర్వాత ఊరికే వెళ్ళండి. మేము చెన్నైలో రైలెక్కి ఆముదాలవలసలో దిగి, శ్రీకాకుళం మీదుగా కళింగపట్నం వెళ్ళాం. వంశధార సముద్రంలో కలిసే చోటు అది. మేనత్త, నేను, శుభలేఖ. ఆఫీసులకి వెళ్ళకుండా రేవు దగ్గర వలలు బాగుచేసుకుంటున్న పెద్దల దగ్గర కూర్చున్నాం. ఊరు పేరు మేం చెప్పలేదు, ముత్తాత పేరూ చెప్పలేదు. ఇంటిపేరు, ఇంటి దేవత, ఈ రెండే చెప్పాం. మనం జవాబు ముందే చెప్పేస్తే మర్యాద కోసం అందరూ అవునంటారు. ఒక ముసలాయన వల వదలకుండానే, "ఆ ఇంటిపేరోళ్ళు ఇక్కడ లేరు తల్లీ, పక్క పేటలో ఉన్నారు. రంగం పోయినోళ్ళు ఆళ్ళలో శానామంది" అన్నాడు. రంగం అంటే రంగూన్.

పక్క పేటలో ఆ ఇంటిపేరు వాళ్ళు ఏడిళ్ళు ఉన్నారు. అదే దేవత. ముత్తాత పేరు ఎవరికీ గుర్తులేదు, వందేళ్ళ నాటి మాట కదా. ఒకావిడ మాత్రం పరిగెడుతున్న మనవణ్ణి "ఒరే గుంటడా" అని కేకేసింది. మేనత్త నా చెయ్యి పట్టుకుంది.

దొరికింది రాసిపెట్టడం

ఇంటికి రాగానే రాయండి. ఖాయంగా తేలనిదాన్ని ఖాయం అని రాయకండి. నా కాగితంలో ఇలా ఉంది: పుట్టింది 1882-1885 మధ్య. కళింగపట్నం లేదా దాని పక్క పేట, అప్పటి గంజాం జిల్లా, ఇప్పుడు శ్రీకాకుళం జిల్లా. కింద ఆధారాలు: 1911 ఓడ కాగితం, మద్రాస్, పైవాడిది చూసి గీతలు పెట్టింది, నమ్మకం తక్కువ. 1915 పట్టీ, సగం చెరిగింది, సరంగుది చూసి చదివింది, నమ్మకం ఎక్కువ. ఇంటిపేరు, దేవత, ఊళ్ళో విన్నది. దొరకనివి కూడా రాశాను: 1921లో కనబడలేదు. రేపు ఎవరైనా మళ్ళీ వెతికితే ఆ పని రెండోసారి చేయక్కర్లేదు. కాగితాల బొమ్మలన్నీ ఓడ పేరు, ఏడు పెట్టి సేవ్ చేసి, ఒక కాపీ తమ్ముడికి పంపాను.

మేనత్త ఆ కాగితం చదివి, పైన రాసిన "కోరంగి" మీద గీత కొట్టొద్దంది. కొట్టలేదు. పక్కన "రంగూన్‌లో పిలిచిన పేరు" అని రాశాను.